హైమవతి స్క్రిప్టులో ఆఖరి వరుస

బుధవారం ఉదయం గుమాస్తా హైమవతి రాసిన స్క్రిప్టు, పాడుబడ్డ పాత మార్కెట్టుకు బదులు ఆమె ఇంటినీ, ఇంట్లో స్నానం చేస్తున్న భర్త రామలింగాన్నీ చెరిపేసి, పని విజయవంతమైందని మున్సిపల్ ఆఫీసుకు కబురు పంపింది.

ఆ ఊళ్లో పనులన్నీ అలాగే జరుగుతాయి. గుమాస్తాలు చేయాల్సినవి ఒక్కో వరుసగా స్క్రిప్టులో రాస్తారు. ఒక్కో వరుసకు ఒక్కో ప్రోగ్రాము లేచి వెళ్లి చేసుకొస్తుంది. రాసినవాళ్ల ఇంటి దగ్గర్నుంచే బయల్దేరడం రివాజు. హైమవతి రాసింది ఇంతే: మార్కెట్టుకు వెళ్లు, ఉన్నచోట ఉన్నదంతా చెరిపెయ్యి, అయిందని చెప్పు. మార్కెట్టు గేటుకు తాళం ఉందనీ, వెళ్లలేకపోయాననీ మొదటి ప్రోగ్రాము మర్యాదగానే చెప్పింది. ఆ మాట వినమని ఆమె ఎక్కడా రాయలేదు. రెండోది ఉన్నచోటే చెరిపింది. తర్వాతది, అయిందని చెప్పింది.

మధ్యాహ్నం ఆమె ఆఫీసునుంచి వచ్చేసరికి, ఇల్లుండాల్సిన చోట పలచని పాలరంగు వెలుతురు ఉంది. ఉదయం ఆరేసిన చీర ఏ దండెమూ లేకుండా గాలిలో మెల్లగా ఊగుతోంది. ఎక్కడినుంచో చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు.

"ఏవండీ!" అంది హైమవతి.

చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. "మా ఆయన్ని వెనక్కి తెప్పించండి సార్."

"ఫెయిలైతే తెప్పించేద్దుమమ్మా. ఇది సక్సెస్సాయె!" అన్నాడు సూపర్నెంటు పురందరం.

"మొదటిది ఫెయిలైందండీ."

"ఆఫీసు చూసేది ఆఖరిదేగా? అయిందని చెప్పమంది మీరేగా?"

పక్క టేబులు విజయకుమారి ఓదార్చింది. "మా అత్తగారూ ఇలాగే పోయార్లేవే. వంటింట్లో ఎంత చోటొచ్చిందనీ!"

పురందరం మనసు కరిగింది. "ఓ దారుంది. ఆఫీసు మూసేలోగా ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, బాగాలేదని మీ నోటితో అనండి. ఫెయిలైనట్టే లెక్క. ఆయనొచ్చేస్తారు."

హైమవతి తిరిగొచ్చి, ఆ వెలుతురులో నిలబడి ఎదురుచూసింది. పొద్దు వాలుతుండగా తల్లి ఫోను చేసింది.

"ఏమే, ఎలా ఉన్నారు? అల్లుడుగారు కులాసాయేనా?"

హైమవతి నోరు తెరిచింది. పెళ్లయిన నాటినుంచీ ఆ ప్రశ్నకు ఒకటే జవాబు.

"బాగానే ఉన్నామమ్మా. ఆయన స్నానానికెళ్లారు."

"హమ్మయ్య. నీ గొంతు అదోలా ఉంటేనూ..."

"అబ్బే, ఏం లేదు."

అవతల ఆఫీసు తలుపులు మూశారు. హైమవతి ఉజ్జాయింపుగా వంటిల్లుండే చోటికి జరిగి, రాత్రికి ఏం వండాలా అని ఆలోచించసాగింది.