తడి సిమెంటు వారి ఏకైక ఆల్బమ్

ఆ ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. దారిలో చెత్తకుండీ దగ్గర ఆగాలి, సంచిలో ఉన్న సీడీని అందులో పారేయాలి, ఏమీ ఎరగనట్టు క్లినిక్‌కి వెళ్ళాలి. హత్య చేసినవాడు కత్తిని వదిలించుకోవడానికి కూడా ఇంత కంగారు పడడు.

ఆ సీడీ పేరు ‘అడుగు పెట్టొద్దు’. కాలేజీ రోజుల్లో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన ‘తడి సిమెంటు’ అనే రాక్ బ్యాండు తీసిన మొదటి ఆల్బమ్. చివరిదీ అదే. విడుదలైన వెంటనే డ్రమ్ములవాడు ఉద్యోగంలో చేరిపోయాడు, గిటార్లవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఓ వారపత్రిక మాత్రం దయతలచి రెండు ముక్కలు రాసింది: ‘పాడిన అబ్బాయికి ఎక్కడో బాగా నొప్పిగా ఉంది. ఎవరైనా డాక్టరుకి చూపిస్తే బాగుండు.’ అట్ట మీద ఆకుపచ్చ రంగు పూసుకుని నోరు బార్లా తెరిచిన ఆ అబ్బాయే ఇవాళ్టి ఈ డాక్టరు.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ సంగతి భార్యకి చెప్పలేదు. మామగారి ముందు ఆ ఊసెత్తే ప్రశ్నే లేదు. ఆయనా పళ్ళ డాక్టరే, క్లినిక్ ఆయనదే. తన కుర్చీలో కూర్చున్నవాడు ఒక్కడు కూడా ‘అమ్మా’ అనలేదన్నది ఆయన గర్వం. ఆ పెద్దాయన ఇవాళ సాయంత్రం తన పటకారు అల్లుడి చేతిలో పెట్టి తప్పుకుంటున్నారు.

చెత్తకుండీ దగ్గర పక్కింటావిడ ఎదురైంది. “అదేంటి నాయనా, పాటల సీడీయా? పారేయడం దేనికి, ఇటివ్వు, మేం వింటాం.”

“పళ్ళ ఎక్స్‌రేలండీ!” అని డాక్టరు అక్కణ్ణించి పరుగులాంటి నడక అందుకున్నాడు. సీడీ క్లినిక్‌కి చేరి, ప్లాస్టరు దవడలుండే సొరుగులో దాక్కుంది.

హాల్లో రోగులు వరసగా కూర్చున్నారు. బల్ల దగ్గర రిసెప్షనిస్టు ఉంది. ‘సైలెన్స్’ అన్న మాట తప్ప ఆమె నోట ఇంకోటి రాదు గనక అందరూ సైలెన్సమ్మ అంటారు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఎందుకని అడగదు. లోపల కుర్చీలో ఓ బస్సు డ్రైవరు. మత్తు సూది పడి దవడ మొద్దుబారిపోయింది.

“సాయంత్రం దాకా ఎందుకు అల్లుడూ?” అన్నారు మామగారు హఠాత్తుగా. “మంచి పన్ను దొరికింది. ఇదిగో, నువ్వే పీకు.” పటకారు డాక్టరు చేతిలో పెట్టారు.

సగం తలుపు పైనుంచి సైలెన్సమ్మ అది చూసింది. తిరిగి బల్ల దగ్గరికెళ్ళి ఓ మీట నొక్కింది.

పటకారు పంటిని అందుకుందో లేదో, హాల్లోంచి ఓ కేక లేచింది. గొంతు చించుకుని, గోడలు అదిరేలా, ఆగకుండా. వెనకాల గిటారు అచ్చం పన్ను తొలిచే మిషన్‌లా కూస్తోంది.

డాక్టరు వెంటనే గుర్తుపట్టాడు. అది తన గొంతే.

డ్రైవరు కళ్ళు గిర్రున తిరిగాయి. దవడ మొద్దుబారినవాడికి అరుస్తున్నది తనో పరాయివాడో ఎలా తెలుస్తుంది? ఇంత ఘోరంగా అరుస్తున్నానంటే నొప్పి ఇంకెంత ఘోరంగా ఉండాలి అనుకున్నాడు కాబోలు, డాక్టర్ని ఒక్క తోపు తోసి, నోట్లో ఎర్రబడ్డ దూదితో హాల్లోకి దూకాడు. అతన్ని చూసి హాలు హాలంతా లేచింది. అందరూ గుమ్మం వైపు పరిగెత్తేసరికి అక్కడ పక్క కొట్టు దర్జీ, చేతిలో బారెడు కత్తెరతో.

“ఎవర్ని చంపుతున్నారయ్యా లోపల?”

కత్తెర చూసి ముందువాళ్ళు వెనక్కి తిరిగారు, దూది చూసి వెనకవాళ్ళు ముందుకే నెట్టారు. చివరికి దర్జీతో సహా అందరూ వీధిలో పడ్డారు.

మామగారు హాల్లోకొచ్చి బల్ల మీది సీడీ ప్లేయరు కట్టేశారు. “నా క్లినిక్‌లో కేకలా? ఎవడిదీ గొంతు?”

నిజం చెప్పడానికి డాక్టరు నోరు తెరిచాడు. ఆకుపచ్చ మొహం కళ్ళముందు మెదిలింది.

“నాకేం తెలుసు మామయ్యగారూ? ఎవడో పిచ్చివాడిలా ఉన్నాడు. ఈవిడే తెచ్చి పెట్టుంటుంది.”

“ఏమ్మా, నువ్వేనా పెట్టింది?”

సైలెన్సమ్మ తలూపింది.

“ఎవరిచ్చారు?”

ఆమె అలవాటుగా వేలు పెదాల మీద పెట్టుకుంది. సొరుగులోది ఈమెకెలా దొరికింది అని డాక్టరు బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాడు.

“అయితే రేపట్నించి రావద్దు” అన్నారు మామగారు.

ఆమె బల్ల కింద నుంచి టిఫిను డబ్బా తీసుకుంది. ఒక్క మాట చాలు ఆమెను ఆపడానికి. డాక్టరు గొంతులో ఆ మాట ఉంది కూడా. బయటికి రాలేదు. ఆమె తనవైపు చూడకుండా గుమ్మం దాటుతుంటే పటకారు తుడుస్తూ ఉండిపోయాడు.

గుమ్మంలోనే ఎదురైంది డాక్టరు భార్య. “అదేంటి, నువ్వెక్కడికి? వీధంతా ఆ జనమేంటి? నాన్నా, పటకారు అప్పుడే ఇచ్చేశారా? సాయంత్రం అనుకున్నానే!”

“ఈవిడ ఏదో దిక్కుమాలిన సీడీ పెట్టి...”

“ఆ సీడీ నాది నాన్నా. మీరు పటకారు ఇవ్వగానే పెట్టమని, ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.” భర్త వైపు తిరిగింది. “మీ బ్యాండు ఒకే ఒక్క కచేరీలో అందరూ లేచిపోయాక కూడా ముందు వరసలో కూర్చున్న పిల్లని నేనేనండీ. పెళ్ళిచూపుల ఫోటోలో ఆకుపచ్చ రంగు లేకపోయినా గుర్తుపట్టాను. అందుకే ఊఁ అన్నాను. ఏదో ఒక రోజు మీరే చెప్తారని చూశాను.”

డాక్టరు వెళ్ళి సొరుగు లాగాడు. ప్లాస్టరు దవడల మధ్య తన సీడీ పెట్టింది పెట్టినట్టే ఉంది, నోరు తెరుచుకుని.

“ఆ గొంతు నాదే మామయ్యగారూ.” తల ఎత్తలేకపోయాడు. “ఆవిడ తప్పేం లేదు. నేనే... నన్ను క్షమించమ్మా.”

మామగారు అల్లుడి చేతిలోంచి పటకారు నెమ్మదిగా లాక్కుని తన జేబులో వేసుకున్నారు. “పాటకి కాదు. ఆవిడ డబ్బా పట్టుకుని వెళ్తుంటే నోరు మూసుకున్నావు చూడు, అందుకు. దీని సంగతి తర్వాత చూద్దాం.”

భార్య వెళ్ళి సైలెన్సమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

అప్పుడు గుమ్మం పక్కనుంచి బస్సు డ్రైవరు తల మాత్రం లోపలికి పెట్టాడు. మత్తు కొద్దిగా దిగినట్టుంది. “అమ్మా, నాదింకా పీకలేదు. అది సరే గానీ, ఇందాక అరిచింది నేను కాదటగా. పాపం, ఆయనకి తగ్గిందా?”

సైలెన్సమ్మ టిఫిను డబ్బాని మళ్ళీ బల్ల కింద సర్దుకుంది.

“పాత నొప్పి కదండీ,” అంది, “ఇవాళే బయటపడింది.”