ఎదుటి గోడ మీద తెల్ల చుక్క

ఆ రోజు హిల్మీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వెలుతురు రాకముందే లేజరు వెలిగించి, ట్రాము పట్టాలకు అవతలి భవనం గోడ మీద చుక్క సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవాలి. దాని పెట్టెకు మూత బిగించాలి. భార్య ఇన్సాఫ్ వండిన చిక్కుడు గింజల ఫూల్‌లో రొట్టె ముంచుకుని తిని, సాయంత్రానికల్లా ఆ పెట్టెను సముద్రపు ఒడ్డు హోటల్లో జరిగే పెళ్లికి చేర్చాలి. అలెగ్జాండ్రియాలో పెళ్లిళ్లకు లేజర్లు అద్దెకిచ్చేవాళ్లు కొల్లలు. సొంతంగా తయారుచేసేవాడు తనొక్కడేనని హిల్మీ నమ్మకం. అతను చేసిన మొదటి పెద్ద యంత్రం అదే.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిరణాలు పెట్టెలోని అద్దాల మీదుగా వచ్చి ఒకటిగా కలిస్తే తెల్లని చుక్క పడుతుంది. గదిలో కలిసినట్టే కనిపించి, దూరం పోయాక విడిపోవడం వాటికి అలవాటు. అందుకే దూరపు గోడ కావాలి. ఎదుటి భవనం పక్కగోడకు కిటికీలు లేవు, ఎవరి కళ్లకూ ప్రమాదం లేదు. పైగా అందులోనే అత్తగారు తఫీదా, బావమరిది సబ్రీ ఉంటారు. సబ్రీ రోజూ నల్లద్దాలు పెట్టుకుని, గోడ పక్కనున్న గ్యారేజీ కప్పు ఎక్కి, చుక్క పడిన చోట గుర్తు పెట్టేవాడు. హిల్మీ పెట్టమన్నది సుద్దముక్కతో చిన్న గీత. సబ్రీకి దొరికింది ఎర్ర రంగు డబ్బా.

"చుక్క ఎలా ఉంది?" ఫోనులో అడిగాడు హిల్మీ.

"ముత్యంలా ఉంది బావా. కానీ నిన్నటి గుర్తు మీద లేదు. ఇంకో రెండు వేళ్లు కిందికి దిగింది."

హిల్మీ మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. వారం నుంచీ ఇదే తంతు. రోజూ మరలన్నీ విప్పి మళ్లీ బిగిస్తున్నాడు, రోజూ చుక్క దిగుతూనే ఉంది. పెళ్లికూతురి పేరు ఆకాశంలో రాస్తానని మాటిచ్చాడు. అది కాస్తా జారి అతిథుల మొహాల మీద పడితే?

ఫూల్ గిన్నె ముందు కూర్చున్నాడో లేదో, ఇన్సాఫ్ ఫోను పట్టుకుని వచ్చింది.

"అమ్మ ఏడుస్తోంది. వాళ్ల భవనం కూల్చేస్తారట. గోడ మీద ఎర్రగా ఇంటూ గుర్తులు వేశారట, రోజుకొకటి."

రొట్టె హిల్మీ నోటిదాకా వెళ్లి ఆగింది. "ఎవరు వేశారట?"

"అధికారులే. చీకట్లో ఒకడు గ్యారేజీ కప్పు దిగడం కింది వాటావాళ్లు కళ్లారా చూశారట. నల్లద్దాలు పెట్టుకున్నాడట, పెద్ద ఇంజనీరే అయ్యుంటాడంటున్నారు."

ఆ పెద్ద ఇంజనీరు కాసేపటికి ఫోను చేశాడు. "బావా, ఇక్కడ కొట్టుకుంటున్నారు. ఇల్లుగలాయన లంచమిచ్చి ఖాళీ చేయిస్తున్నాడని అద్దెకున్నవాళ్లూ, వాళ్లే తనమీద ఫిర్యాదు పెట్టారని ఆయనా. నిజం చెప్పేయనా?"

"చెబితే నిన్ను తంతారు, నా పెట్టె పట్టుకుపోతారు. పెళ్లయ్యేదాకా నోరు కట్టేసుకో."

సబ్రీ నోరు కట్టేసుకున్నాడు. తఫీదా మాత్రం మూట కట్టేసుకుంది. మధ్యాహ్నానికల్లా పరుపులు, రాగి పాత్రలు, కుట్టుమిషను ఒక్కొక్కటే హిల్మీ ఉండే ఐదో అంతస్తుకు చేరాయి. వాటి వెనకే ఆయాసపడుతూ ఆవిడ వచ్చింది.

"ఈ బల్ల ఖాళీ చెయ్ అల్లుడూ, మిషను పెట్టుకోవాలి. ఛీ, అద్దాలకి ఎంత దుమ్ము."

హిల్మీ తిరిగి చూసేసరికి ఆవిడ చేతిలో తడిగుడ్డ, ఆ గుడ్డకు గోరంత దూరంలో మూత తీసిన యంత్రంలోని అద్దం. ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండానే, ఇక ఆగలేక, జరిగిందంతా చెప్పేశాడు.

తఫీదా కళ్లు చెమర్చాయి. "నా మనసు కుదుటపడాలని ఎంత అబద్ధమాడుతున్నావు నాయనా."

"అబద్ధమే," అంది ఇన్సాఫ్. "మా అమ్మ వచ్చి గంట కాలేదు, అప్పుడే పంపించెయ్యడానికి కథలు అల్లుతున్నాడు."

హిల్మీ మెట్లు దిగి పరుగెత్తాడు. గ్యారేజీ ముందు జనం మూగి ఉన్నారు. ఎవరో పిలిస్తే వచ్చిన నగర ఇంజనీరు మాజిదా మధ్యలో నిలబడి గుర్తులు పరిశీలిస్తోంది. హిల్మీ తప్పు ఒప్పుకున్నాడు. జనం నమ్మలేదు గానీ, ఆవిడ సబ్రీ బూట్ల మీద ఎర్ర మరకలు చూసి నమ్మింది.

"అందరూ పక్కకు తప్పుకోండి. ఏదీ, వెలిగించండి."

హిల్మీ తన ఐదో అంతస్తుకెక్కి వెలిగించాడు. గోడ నీడలో ఉంది, చుక్క స్పష్టంగా పడింది. పొద్దుటి గుర్తుకు కిందే.

"రోజూ కిందికేనా?" ఫోనులో ఆవిడ గొంతు.

"రోజూ కిందికేనండి. నా యంత్రంలోనే ఏదో లోపం."

"మూడు రంగులూ విడిపోతున్నాయా?"

"లేదండి."

"అయితే లోపం యంత్రంలో కాదు," అంది ఆవిడ. వెనక్కి తిరిగి, పట్టాల ఇవతలనున్న హిల్మీ భవనాన్ని కింద నుంచి పైదాకా చూసింది. తాడుకు బరువు కట్టించి దాని మేడ మీద నుంచి వేలాడదీయించింది. పైన గోడను ఆనుకున్న తాడు, కిందికొచ్చేసరికి జానెడు ఎడంగా ఊగింది. ఆవిడ ముఖంలో రంగు మారింది.

"ఆ ఇంటికేమీ కాలేదు," అంది మెల్లిగా. "వంగుతున్నది ఇది. లోపలున్న వాళ్లందరినీ ఇప్పుడే దింపండి."

ఆ మాట వినగానే, పొద్దుటి నుంచీ కొట్టుకుంటున్న జనమే గొడవ మరిచిపోయి మెట్ల మీద బారులు తీరారు. ముసలివాళ్లనూ పసివాళ్లనూ ఎత్తుకుని దించారు. ఇన్సాఫ్ తల్లి చెయ్యి పట్టుకుని దిగింది. హిల్మీ యంత్రాన్ని గుండెలకు హత్తుకుని, ఒక్కో మెట్టూ ఊపిరి బిగబట్టి దిగాడు.  ఐదో అంతస్తు ఎక్కిన పరుపులు, హిల్మీ పరుపులను కూడా వెంటేసుకుని, వచ్చిన దారినే వెళ్లి తఫీదా ఇంట్లో సర్దుకున్నాయి.

ఆ సాయంత్రం పెళ్లికూతురి పేరు సముద్రం మీది ఆకాశంలో రవ్వంతైనా జారకుండా నిలబడింది. మర్నాడు తఫీదా అల్లుడికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఇంటి పద్ధతులు చెప్పింది.

"చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి. నా కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. రాత్రి ఇషా నమాజు కాగానే ఇంట్లో దీపాలన్నీ ఆర్పేస్తాం. నాకు వెలుతురు పడదు."

అలాగే అత్తయ్యా అని, హిల్మీ తన వ్యాపారం గురించి ఆమెకు మరోసారి వివరించే ఆలోచన మానుకున్నాడు.