చెంబెడు పులిసిన మజ్జిగ

పన్నెండు గంటల బండికి నాందేడ్ వెళ్లాలని అనుసూయాబాయి తెల్లవారకముందే మూట కట్టుకుంది. అక్కడ చెల్లెలు విమలకు కొడుకు పుట్టాడు, రేపే బారసాల. ఈ బండి తప్పితే పెద్దమ్మ లేకుండానే పిల్లాడికి పేరు పెట్టేస్తారు.

ఇల్లు సర్దుతుంటే పులిసిన మజ్జిగ చెంబెడు కనిపించింది. బర్రె కుడితి తొట్టిలో పోయబోయింది.

"ఆగు," అన్నాడు మొగుడు నాగనాథ్.

ఆయనకు ధర్మాబాద్ బజారులో ధాన్యం దుకాణం. కొట్లో ఎలుకలు నెలకో బస్తా జొన్నలు తిన్నా మీసం దువ్వుకుని ఊరుకుంటాడు గానీ, ఇంట్లో కరివేపాకు రెబ్బ పారేస్తే ప్రాణం పోయినట్టు చేస్తాడు.

"తిండి ఖరాబ్ చేసి ఊరికి పోతవా? ఇంట్ల ఉన్నది ఒడిసినంకనే పో."

"అది పులిసిపోయింది. ఎవలు తాగుతరు?"

"నేను కడీ చేస్త. నువ్వు చీర కట్టుకో."

కడీ అంటే మజ్జిగ పులుసే. మజ్జిగ పొయ్యి మీద పెట్టి శెనగపిండి దోసెడు పోశాడు. ముద్ద కట్టింది. నీళ్లు పోస్తే పలచబడింది. ఉప్పు వేశాడు. మజ్జిగలో నిన్నటి ఉప్పు ఉండనే ఉంది. ఉప్పు విరగడానికి కమ్మటి పెరుగు కుండెడు కలిపాడు. పెరుగుకు తగ్గ పిండి, పిండికి తగ్గ నీళ్లు. గిన్నె చాలక గుండిగ, గుండిగ చాలక పెళ్లిళ్ల గంగాళం దింపాడు. ఒక్క గరిటె పారబోయడానికి మనసొప్పితేనా!

ఆ గంగాళం చూసి అనుసూయాబాయికి ఏడుపొచ్చింది. అది ఖాళీ అయితే గాని ఆయన ఆమెను బండెక్కనివ్వడు.

పక్కింటి సంగవ్వ తొంగి చూసింది. "ఏందయ్యా సేటూ, గంగాళం ఎక్కిచ్చినవ్? భండారా పెట్టి వాడకంత బువ్వ పెడ్తున్నవా?"

చెంబెడు మజ్జిగ సంగతి చెప్పుకోవడానికి నాగనాథ్‌కు నామోషీ వేసింది. "ఔ అవ్వా. మా మరదలికి కొడుకు పుట్టిండు గదా. అందరిని రమ్మను."

ఇక ఉత్త కడీ పెడితే పరువేం కాను? ఇంట్లో ఉన్న బియ్యమంతా వండించాడు. గంట తిరక్కుండా వాడ వాడంతా వచ్చి, ఉప్పగా ఉందంటూనే ఊడ్చుకు తినేసింది.

అయితే ఆ వైపు భండారాకు ఒట్టి చేతులతో ఎవరూ రారు. శిధా అని తలా ఇంత సరుకు తెచ్చి ఇస్తారు. ఒకరు గంపెడు వంకాయలు, ఒకరు అరటి గెల, ఒకరు పాలు, ఇంకొకరు మెంతికూర మోపు తెచ్చారు. అన్నిటికన్నా చివర సంగవ్వ బిందె దింపింది.

"మజ్జిగ. ఇంట్ల పులుస్తున్నది, పారబోయ మనసొప్పలే."

నాగనాథ్ బిందె వంకా గంపల వంకా చూశాడు. "ఏమే, ఇవన్ని ఇగ ఎట్ల?"

అనుసూయాబాయి గంగాళంలోకి ఒకసారి వంగి చూసి మూట చంకన పెట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది ఆమెకు.

"ఉన్నది ఒడిసినంక పొమ్మన్నరు, ఒడిసింది. ఇవి మీ భండారాకు అచ్చినయి. ఖరాబ్ గాకుండ మీరే చూస్కోండ్రి."

బండి కూత వినబడేసరికి ఆమె వీధి మలుపు దాటేసింది.

బారసాల చూసుకుని ఎనిమిదో నాడు ఆమె తిరిగొచ్చేసరికి నాగనాథ్‌కు అంగీ గుండీలు పట్టడం లేదు. కుడితి లేక బర్రె మాత్రం చిక్కిపోయింది.