తడి ఆరని సొరంగం

సిద్దిపేట నేల కింద ఏముందో ఇకమీదట నేల మీదే చూడవచ్చునని పందొమ్మిది వందల నలభై నాలుగులో దండోరా వేశారు. ఆ ఏడు తొలి వానలకు ఒక బర్రె నిలుచున్నచోటే భూమిలోకి దిగిపోయింది. రేపు బర్రెకంటే పెద్దవాళ్లు దిగవచ్చునన్న దూరదృష్టితో తహసీల్ కచేరీ వారు పాత బీరువా తెరిచారు. అరవై ఏళ్ల కిందట ఇనుపరాయి కోసం తవ్వి వదిలేసిన గని పటం దొరికింది. సొరంగం మీద పడ్డ ఇళ్లన్నీ ఖాళీ చేయించాలని హుకుం వచ్చింది.

పటం చూసి మట్టి నమూనా చేసే పని కుమ్మరి ఐలవ్వకు అప్పగించారు. ఆమె సొరంగాలకు మట్టి కడ్డీలు ఒత్తి, లోతువి కిందా, లోతు తక్కువవి పైనా అమర్చి, వాటి మీద వెదురు తడక పరిచి, తడక మీద వేలెడంత ఇళ్లు నిలిపింది. మొన్ననే కట్టుకున్న తన ఇల్లూ పెట్టింది. కోడలు పెంటవ్వకు నెలలు నిండాయి. పురుడు కొత్తింట్లోనే పొయ్యాలని ఐలవ్వ ఆశ.

నమూనాలో పెద్ద సొరంగం సరిగ్గా తహసీల్దారు దత్తాత్రి గారి వంటింటి కింద నుంచి పోయింది. భూమి ఇంత మర్యాద తప్పినందుకు కచేరీ అంతా సిగ్గుపడింది.

"ఐలవ్వా, గా కడ్డీ జెర్ర పక్కకు జరుపు" అన్నాడు పేష్కారు బాలనర్సయ్య.

"జరుపుత దొరా. మరి భూమిలున్నది గూడ జరుగుతదా?"

"కిందిది సర్కారు చూసుకుంటది. నువ్వు పైది చూడు."

"మా మామ గా గనిల తట్ట మోసిండు. సొరంగం తహసీల్దారు బంగళా కిందికెళ్లే పోతదని చెప్తుండె."

"మీ మామ గా మాట రాసి సంతకం పెట్టిండా?"

"సంతకమొస్తే తట్టెందుకు మోస్తడు దొరా?"

కడ్డీ జరిగింది. ఊరివాళ్ల అభ్యంతరాల విచారణ ముగిసేదాకా మట్టి ఆరకుండా తడి గోనె కప్పి ఉంచాలని ఉత్తర్వు. జరిగిన సొరంగం సారయ్య దుకాణం కిందికి వచ్చింది. ఊరికి ఉప్పు పోసే చోట బొంద ఉండటం రాజద్రోహమని ఆయన ఉపన్యసించాడు. కాస్త జరిపారు. సాలె వాడ పెద్దలు వచ్చి, "మా ఇండ్లల్ల మగ్గం గుంతలు ముందే ఉన్నయి, ఒక్క వాడకు ఎన్ని గుంతలు?" అన్నారు. న్యాయమే. మళ్లీ జరిపారు. వకీలు వచ్చాడు, బడిపంతులు వచ్చాడు, భజన బృందం వచ్చింది. అందరూ తలా ఒక వేలు వేసి తోశారు. చివరికి సొరంగం అభ్యంతరం లేని స్థలానికి చేరింది. అది ఐలవ్వ ఇల్లు.

"నేనూ అభ్యంతరం చెప్తున్న దొరా" అంది ఐలవ్వ.

"నమూనా చేసిందే నువ్వాయె. చేసిన మనిషే కాదంటే లోకం నవ్వదా?"

మట్టి ఆరింది. ఒక సొరంగం ఇంతమంది సమ్మతితో స్థిరపడటం ప్రపంచ చరిత్రలో మొదటిసారి అని తహసీల్దారు గారు ప్రసంగించారు. మరుసటి రోజు ఐలవ్వ కుండలూ చాపలూ బయటికి చేరాయి. పెంటవ్వ తాటాకు పందిరి కింద, ముసురులో ప్రసవించింది. ఐలవ్వ పసిగుడ్డుకు కొంగు కప్పి, తడవకుండా రాత్రంతా వంగి కూర్చుంది.

నాలుగోనాడు తహసీల్దారు గారి వంటిల్లు రాగి బిందెలతో సహా నేలలోకి దిగింది. అక్కడ సొరంగం లేదు కాబట్టి అది దిగినట్లు పరిగణించరాదని నివేదిక రాశారు. అయినా వారికి తలదాచుకోను ఒక ఇల్లు కావాలి. ఊళ్లో ఖాళీగా, గట్టిగా ఉన్నది ఒక్కటే.

పేష్కారు ఆ ఇంటి ముందు సామాన్లు దింపిస్తుంటే ఐలవ్వ మనుమణ్ణి ఎత్తుకొని వచ్చింది.

"దొరా, గీ ఇంటి కింద సొరంగమున్నదంటిరి గద?"

"ఉన్నది. గందుకే మీరుంటే ప్రమాదం."

"మరి తహసీల్దారు దొరకు?"

"ఆయన సర్కారు మనిషి. నమూనాల ఆయన ఇల్లు వేరే జాగల ఉన్నది."

గృహప్రవేశ భోజనానికి ఊరంతా వెళ్లింది. సారయ్య, వకీలు, సాలె పెద్దలు, భజన వాళ్లు వరుసగా కూర్చొని తిన్నారు. నేల కుంగుతుందేమోనని ఒక్కరూ వెనకాడలేదు. సొరంగం అక్కడ లేదని వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?