మా వీధిలో టేపు నిషేధం

మా వీధి సంక్షేమ సంఘం వారు ఏకగ్రీవంగా తీర్మానించి, కరెంటు స్తంభానికి అంటించిన ప్రకటన ఇది: "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మన వీధిలో ఆడవారి కొలతలు టేపుతో తీయరాదు. ఇది వీధి మర్యాదకు సంబంధించిన విషయము." కింద పదకొండు సంతకాలు. పదకొండూ మగవాళ్లవే. ఆడవాళ్ల మర్యాద గురించి వాళ్లకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది లెండి.

దీనికంతటికీ కారణం మా అన్నయ్య కూతురు. ఫ్యాషన్ కాలేజీలో మూడో ఏడాది. ఈసారి వాళ్లకి పాఠం ఆడవాళ్ల లోపలి బట్టలు. బ్రాలూ, కార్సెట్లూనూ. కార్సెట్ అంటే నడుం చుట్టూ బిగించి వెనక తాళ్లతో లాగే కవచం, లోపల సన్నటి ఇనప బద్దలుంటాయి. నేను చదివింది ఏడో తరగతి, అదీ రెండుసార్లు. కాబట్టి నాకు అర్థమైనంతే చెబుతున్నా.

"బాబాయ్, ఒక్క బ్రాలో ఇరవై ఆరు ముక్కలుంటాయి తెలుసా?" అంది ఓరోజు. నాకేం తెలుసు. మా ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా అంత లెక్కపెట్టి కట్టలేదు.

మా అన్నయ్య పరువు గల మనిషి. అమ్మాయి ఏం కుడుతోందని ఎవరైనా అడిగితే "దిండు గలీబులు" అంటాడు. గలీబులు కుట్టడానికి మూడేళ్ల కాలేజీ ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా వీధిలో అంత మర్యాద ఉంది. వదిన ఇంకా జాగ్రత్త. పిల్ల కుట్టిన నమూనాలు ఉతికి, డాబా మీద తువ్వాళ్ల కింద దాచి ఆరేస్తుంది. ఎండ తగలకుండా ఎండాల్సిన బట్ట లోకంలో ఇదొక్కటే.

కార్సెట్ తొడిగి చూడ్డానికి కాలేజీలో ఉండే నిలువెత్తు బొమ్మని ఇంటికి ఇవ్వరు. అందుకని పిల్ల నన్ను నిలబెట్టింది. చొక్కా మీదే చుట్టి, తాళ్లు చాలక నా బూట్ల లేసులు కూడా ముడేసి లాగింది. నా పొట్ట ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎగాదిగా చూసి, "పెళ్లైన ఇన్నేళ్లకి మీకు నడుం ఉందని ఇవాళే తెలిసింది" అనేసి వెళ్లిపోయింది.

ఇంతవరకూ సరదానే. అసలు చిక్కు పరీక్షతో వచ్చింది. పన్నెండుమంది ఆడవాళ్లని కొలవాలట. వాళ్లు వేసుకుంటున్న సైజు ఓ పక్క, అసలు సైజు ఓ పక్క రాసి, సంతకాలు తేవాలట. గడువు పదిహేను రోజులు. తేకపోతే ఫెయిలు. ఫెయిలైతే కాలేజీ బందని అన్నయ్య ముందే తీర్పు చెప్పేశాడు. ఆరోజు నుంచి పిల్ల కంచం ముందు కూర్చున్నా మెళ్లో టేపే.

వదిన, మా ఆవిడ, మా అమ్మ. ముగ్గురయ్యారు. నాలుగో మనిషి దొరకలేదు. పక్కింటావిడ స్వెట్టర్ మీంచి కొలుచుకోమంది. ఎదురింటావిడ, "నా కొలతెందుకమ్మా, మా ఆడపడుచుది రాసుకో, తను ఊళ్లో ఉండదు" అంది. మూలింటి టీచరమ్మ ఫోన్లో కొలవడం కుదురుతుందేమో కనుక్కుంది. ఇంతలో సంగతి మగవాళ్ల చెవిన పడి, స్తంభానికి ప్రకటన వెలిసింది. దాన్ని ఖరారు చెయ్యడానికి ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టారు.

ముందు వరసల్లో మగవాళ్లు, వెనక ఆడవాళ్లు. అధ్యక్షుడు గారు గొంతు సవరించుకున్నారు. "సోదర సోదరీమణులారా. ఒక ఆడపిల్ల టేపు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడమా? మన అమ్మలు కొలిపించుకున్నారా? మన అమ్మమ్మలు కొలిపించుకున్నారా?" చప్పట్లు. వెనక మా పిల్ల తలొంచుకుని టేపుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

నాకు నోరూరుకోదు. లేచి నిలబడ్డా. "అధ్యక్షా, మీరన్నది అక్షరాలా నిజం. చిన్న సందేహం. కొలవకపోతే మరి కొనేదెలా?"

"దానికేం లోటయ్యా. మన కళ్లజోడాయన లేడూ?"

కళ్లజోడాయన అంటే సందు మొదట్లో బట్టల కొట్టాయన. ముప్పై ఏళ్లుగా వీధి మొత్తానికి లోపలి బట్టలు ఆయనే. అడగనవసరం లేదు, చెప్పనవసరం లేదు. ఆడమనిషి మెట్టెక్కగానే ఓ చూపు చూసి, ఓ పెట్టె దించి, పాత పేపర్లో చుట్టి ఇచ్చేస్తాడు.

"ఈ ముప్పై ఏళ్లలో ఒక్క ఆడమనిషి నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. అదీ సంస్కారమంటే" అన్నారు అధ్యక్షుడు గారు. కళ్లజోడాయన లేచి అందరికీ దణ్ణం పెట్టాడు.

"అంతా కంటిచూపుతోనేనా? నేను నమ్మను" అన్నా.

ఆయనకి రోషం వచ్చింది. "నమ్మకపోతే వినండి. అధ్యక్షుడు గారి ఇంటావిడ, ముప్పై ఆరు. సెక్రటరీ గారి ఇంటావిడ, ముప్పై ఆరు. టీచరమ్మ గారు, ముప్పై ఆరు. ఆ వెనక నిలబడ్డావిడ..."

అప్పటిదాకా ఊగుతున్న తలకాయలు ఆగిపోయాయి. సెక్రటరీ గారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలెట్టారు. అన్నయ్య నా చొక్కా పట్టి లాగుతున్నాడు.

అధ్యక్షుడు గారి ఇంటావిడ నిండైన మనిషి, గుమ్మంలోంచి కాస్త పక్కకి తిరిగి వస్తారు. టీచరమ్మ పుల్లలా ఉంటుంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు కిందనుంచి పైకి చూసుకున్నారు.

"ఏవండీ కొట్టాయనా, నాదీ ముప్పై ఆరే, ఆవిడదీ ముప్పై ఆరేనా?" అన్నారు అధ్యక్షుడు గారి ఇంటావిడ.

"కంపెనీవాడు ఎక్కువగా అవే పంపుతాడమ్మా. నాలుగు రోజులు వేసుకుంటే అదే సర్దుకుంటుంది."

"అది సర్దుకోలేదు నాయనా. ముప్పై ఏళ్లుగా నేను సర్దుకున్నా." ఆవిడ కుర్చీలు తప్పించుకుంటూ మా పిల్ల దగ్గరికొచ్చి, "ఏదమ్మా నీ టేపు? పద మీ ఇంటికి" అన్నారు.

మిగతా ఆడవాళ్లు కూడా లేచారు. కోరం లేనందున సమావేశం వాయిదా పడింది.

మా ముందుగది తలుపు సాయంత్రం దాకా తెరుచుకోలేదు. మగవాళ్లం అరుగు మీద కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. లోపల్నించి ఒకటే నవ్వులు. పన్నెండు అడిగితే పంతొమ్మిది సంతకాలొచ్చాయి. అందులో సరైన సైజు వేసుకుంటున్నది ఒక్కరే, ఆవిడా పొరపాటున. పిల్లకి క్లాసులో మొదటి మార్కు. అన్నయ్య ఇప్పుడు "మా అమ్మాయి కొలతల్లో నిపుణురాలు" అంటున్నాడు. దేని కొలతలో ఇంకా అనడం లేదు. సంఘం వారు ప్రకటన చింపేసి, దూరదృష్టితో స్త్రీల సౌకర్యానికి బాట వేసినందుకు తమని తామే అభినందించుకుంటూ కొత్త తీర్మానం చేశారు. ఏకగ్రీవంగానే.

మొన్న బనియన్ కొనడానికి కొట్టుకెళ్లా. కళ్లజోడాయన ఓ చూపు చూసి, "తొంభై" అని పేపర్లో చుట్టాడు. పిల్ల కొలిచి నాది నూట ఐదని చెప్పి వారం కాలేదు. అయినా పెద్దమనిషి అంత నమ్మకంగా చెబుతుంటే ఎలా కాదంటాం? పుచ్చుకుని వచ్చేశా. చంకల కింద కాస్త కోస్తోంది. మీరు నవ్వండి, ఫర్వాలేదు. కానీ మెల్లిగా నవ్వండి. మీరు వేసుకున్నది మాత్రం ఎవరు చూసి చెప్పిన సైజు?