పదిరెట్ల వేగం గల అన్నదానం

ఏ క్షేత్ర మాహాత్మ్యం చదివినా, అక్కడి పుణ్యం తక్కిన క్షేత్రాలన్నిటికన్నా కోటిరెట్లని ఉంటుంది. ప్రతిదీ తక్కినవాటన్నిటికన్నా ఎలా ఎక్కువవుతుందన్న సందేహం భాస్కరంగారికి ఇరవయ్యేళ్ళుగా ఉంది. అది తలెత్తినప్పుడల్లా ఆయన లెంపలు వేసుకునేవారు. రాజమండ్రిలో ఒక నిత్యాన్నదాన ట్రస్టుకు ఆయన గుమాస్తా. ఏ తిథినాడు ఎవరి పేరున భోజనాలు పెట్టాలో ఆయన రిజిస్టరులో ఉండేది.

2001లో ఆ ట్రస్టుకు, రిజిస్టరు బదులు వాడే కంప్యూటరు డేటాబేసు అమ్మడానికి ఒకే వారంలో రెండు కంపెనీలు దయచేశాయి. మొదటిది రెండోదానికన్నా పదిరెట్లు వేగమని మొదటివారి పరీక్షలో రుజువైంది. రెండోది మొదటిదానికన్నా పదిరెట్లు వేగమని రెండోవారి పరీక్షలో అంతే నిక్కచ్చిగా రుజువైంది.

"రెండూ పక్కపక్కన పెట్టి మన రిజిస్టరు మీదే చూడొచ్చు కదండీ?" అన్నారు భాస్కరంగారు మెల్లగా.

"అలా పోల్చకూడదని మా ఒప్పందంలోనే ఉందండి," అన్నాడు కంపెనీవాళ్ళలో టై కట్టుకున్నాయన. ఆ నిజాయితీకి ట్రస్టు కమిటీ ముగ్ధమైపోయింది.

"మీకన్నీ అనుమానాలేనండి భాస్కరంగారూ! మా రొయ్యల మేత అమ్మినవాడూ పదిరెట్లే అన్నాడు. నేనేమన్నా అడిగానా?" అన్నారు అధ్యక్షులు చిట్టిరాజుగారు. ఆ యేడు రొయ్యలన్నీ పోయిన సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

రెండో కంపెనీవారు ఆత్రేయపురం పూతరేకులు పంచినందువల్ల, కేవలం సాంకేతిక ప్రాతిపదికపై వారిదే ఎంపికైంది. అందులో తిథులకు చోటు లేదు. కనుక ఆ యేటి క్యాలెండరు చూసి తిథులన్నిటినీ ఇంగ్లీషు తారీఖులుగా మార్చి ఎక్కించారు. రిజిస్టరు అటకెక్కింది.

మరుసటేడు మాఘ బహుళ దశమినాడు ఉప్పాడ నుంచి వీరమ్మ వచ్చింది. వేటకెళ్ళి తిరిగిరాని భర్త ధనరాజు పేరున, ఇంట్లో మిగిలిన వలలు అమ్మి ఆ తిథికి శాశ్వత అన్నదానం కట్టిన మనిషి. ఆ తరవాత ఇంటిని కూడా సముద్రమే తీసుకుంది. ఏడాదికొక్కసారి పంక్తి ముందు ఆయన పేరు చదివితే వినడానికే వచ్చేది. కంప్యూటరు రెప్పపాటులో జవాబిచ్చింది: ఆ అన్నదానం పందొమ్మిది రోజుల క్రితమే పూర్తయింది.

"అదేంటి బాబూ, తిథి ఇయ్యాళ కదా?"

"చూశావా అమ్మా వేగం! తిథి రాకముందే పెట్టేసింది," అన్నారు చిట్టిరాజుగారు. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. కంపెనీవారు ఈ విజయాన్ని కరపత్రంలో వేసుకున్నారు.

ఆ పై యేడు ధనరాజు పేరిటి అన్నదానం తిథికి ఎనిమిది రోజులే ముందు జరిగింది. వేగం తగ్గుతోందని ఆందోళన చెందిన కమిటీ, సరికొత్త వెర్షనుకు ఆర్డరు పెట్టింది.

దశమినాడు వీరమ్మ గుమ్మంలోనే నిలబడింది. "ఈ యేడూ అయిపోయిందా బాబూ?"

"లేదమ్మా. రండి, కూర్చోండి."

భాస్కరంగారు అటక మీంచి రిజిస్టరు దింపారు. విస్తళ్ళు వేయించి, పంక్తి ముందు నిలబడి ధనరాజు పేరు బిగ్గరగా చదివారు. ఆ పంక్తి లేచాక, తన ఇంటి నుంచి తెప్పించిన బియ్యంతో ఇంకో పంక్తి వేయించి, మళ్ళీ అదే పేరు చదివారు. అది నిరుటి బాకీ. వీరమ్మ రెండుసార్లూ కొంగు కళ్ళకద్దుకుంది.

మూడో పంక్తి కోసం నిలబడ్డ మనలాంటివాళ్ళం మాత్రం గడియారాలు చూసుకుని విసుక్కున్నాం.

"ఏంటండీ ఈ ఆలస్యం? ఇక్కడింకా కంప్యూటరు పెట్టలేదా?"