వీపు మీద వంటిల్లు

కూలర్ బ్యాగును కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కడుపు చల్లగా ఉండాలి! మనిషి చక్రాన్ని కనిపెట్టాడు, విమానాన్ని కనిపెట్టాడు, సరే. కానీ వంటింటిని సంచిలా కుట్టి, జిప్పులు పెట్టి, రెండు పట్టీలు తగిలించి, వీపున వేసుకుని కొండ ఎక్కొచ్చని అంతకుముందు ఎవరికైనా తట్టిందా? సెలవు అనే వ్యసనం నుంచి ఇల్లాళ్లను కాపాడగలిగిన వస్తువు ప్రపంచంలో ఇదొక్కటేనని ఈ కాలమ్ ముఖంగా ప్రకటిస్తున్నాను.

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

ఈ బ్యాగు రాకముందు మా ప్రయాణాలు ఎంత దీనంగా సాగేవో మీకు తెలియదు. ఆకలేస్తే రోడ్డు పక్కన ఏదో ఒక హోటల్ ముందు కారు ఆపేవాళ్లం. నేను కుర్చీలో కూర్చునేదాన్ని. ఎవరో వచ్చి, "ఏం కావాలమ్మా?" అని అడిగేవారు. నన్ను! ఏడాది పొడుగునా నేను అడిగే ప్రశ్నను ఇంకొకరు వచ్చి నన్ను అడుగుతుంటే ఎంత ఇబ్బందిగా ఉండేదో! తిన్నాక ప్లేటు అక్కడే వదిలేసి లేచి వచ్చేసేదాన్ని. కనీసం వెనక్కి తిరిగి కూడా చూసేదాన్ని కాదు. ఇంకొన్నాళ్లు అలాగే సాగి ఉంటే నేను పూర్తిగా చెడిపోయేదాన్ని.

సమయానికి మా ఆయన మేలుకున్నారు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ ఈ బ్యాగును తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పెళ్లికొడుకులా నవ్వారు.

"ఇక నీకు శ్రమే లేదు. బయటి తిండి కోసం ఎక్కడా ఆగక్కర్లేదు, అన్నీ ఇంటి నుంచే. పైగా మోసేది నేనేగా!" అన్నారు.

ఎంత త్యాగం చూడండి! నింపేదెవరు, తీసేదెవరు, తిరిగొచ్చాక కడిగేదెవరు అని అడిగి అంతటి త్యాగాన్ని కించపరచడం నాకు ఇష్టం లేకపోయింది.

నాకున్న కోరిక ఒక్కటే. మా వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది. గోడ మీద రెండు పైపులు. నా కళ్లు రోజూ వెళ్లేది అంత దూరమే. ఈసారి వెళ్తున్న కొండ పైనుంచి చూస్తే కనుచూపు మేర లోయేనట, కింద నది కూడా ఉందట. ఒక్కసారి అక్కడ నిలబడి, చేతిలో ఏమీ లేకుండా, దూరంగా చూడాలి. ఇదేమంత పెద్ద కోరిక కాదనుకుంటాను.

అయితే బ్యాగుకూ కొన్ని కోరికలుంటాయి. ఐస్ ప్యాక్‌లు రాయిలా గడ్డకట్టాలి. అవి గడ్డకట్టాలంటే ఫ్రీజర్‌లో చోటు కావాలి. చోటు కావాలంటే ఫ్రీజర్‌లో ఉన్నదంతా వండేయాలి. కాబట్టి ప్రయాణానికి ముందురోజు మా ఇంట్లో, ప్రయాణం కోసం కాదు, ఫ్రీజర్ ఖాళీ కావడం కోసం వంట జరిగింది. ఇంతటితో అయిందా? ఖాళీ బ్యాగును కూడా ముందుగా చల్లబరచాలట! మా ఆయన ఏవో వీడియోలు చూసి తెలుసుకున్నారు. బ్యాగు వెళ్లి ఫ్రిజ్‌లో కూర్చుంది. ఫ్రిజ్‌లోని గిన్నెలన్నీ బయటికొచ్చి నా మొహం చూశాయి. ఇలా ఒక సంచిని ఫ్రిజ్‌లో పెట్టడం కోసం ఫ్రిజ్‌ను ఖాళీ చేసే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి!

తర్వాత నింపడం. చివర తినేది అడుగున, ముందు తినేది పైన పెట్టాలి. నేను అలాగే పెట్టాను. పైన శాండ్‌విచ్‌లు, మధ్యలో గుడ్లు, పళ్ల ముక్కలు, అట్టడుగున జ్యూస్ సీసాలు. కారు ఇంకా మా వీధి మలుపు తిరగలేదు, మా ఆయన, "కొంచెం జ్యూస్ ఇస్తావా?" అన్నారు.

జ్యూస్ కోసం మొత్తం దించి మళ్లీ సర్దాలి. అదీ కళ్లు మూసి తెరిచేలోగా జరగాలి. ఎందుకంటే మూత తెరిచిన ప్రతిసారీ చల్లదనం పారిపోతుంది. అందుకని మా ఆయన ఒక శాసనం చేశారు. బ్యాగును ఒక్కరే తెరవాలి, అదీ ఏది ఎక్కడుందో తెలిసినవాళ్లే తెరవాలి. ఆ పదవికి ఏకగ్రీవంగా ఎన్నికైందెవరో వేరే చెప్పాలా?

దారిలో ఎన్ని హోటళ్లు వెనక్కి వెళ్లిపోయాయో! ఒక హోటల్ ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేసి ఉన్నాయి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను వాటి వైపు చూశాను. మా ఆయన బ్యాగు వైపు చూసి, "మనకెందుకు, అన్నీ ఉన్నాయిగా!" అని గేరు మార్చారు.

కొండ దగ్గరికి చేరాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎక్కలేనని, కారు తలుపు తీసుకుని, కాళ్లు బయటపెట్టి హాయిగా కూర్చున్నారు. మా ఆయన బ్యాగు తగిలించుకున్నారు. మా అమ్మాయి ఫోను తీసుకుంది. నేను మా ఆయన వెనకాల నడిచాను. పక్కన నడిస్తే కుదరదు మరి! ఎవరికి దాహమేసినా ఆయన అక్కడే నిలబడిపోయి వీపు తిప్పుతారు. నేను జిప్పు లాగాలి, తీయాలి, ఇవ్వాలి, జిప్పు వేయాలి. తాగాక ఖాళీ సీసా మళ్లీ నా చేతికే వస్తుంది. దారికి అటూ ఇటూ ఏం చెట్లున్నాయో నాకు తెలియదు. నీలం రంగు గుడ్డ, నల్ల జిప్పు, ఎడమ వైపు ఒక కుట్టు ఊడుతోంది. ఇదీ నేను చూసిన ప్రకృతి.

ఎదురొచ్చేవాళ్లంతా మా ఆయన్ని చూసి మురిసిపోయారు. ఒక పెద్దాయన అయితే ఆగి మరీ, "అంత బరువు మీరే మోస్తున్నారా బాబూ! మీ ఆవిడ అదృష్టవంతురాలు" అన్నారు. మా ఆయన వినయంగా నవ్వి వీపు తిప్పారు. పెద్దాయనకు రెండు పళ్ల ముక్కలు తీసిచ్చాను. నా అదృష్టాన్ని నేనే స్వయంగా పంచిపెట్టాను.

ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ, తెరుస్తూ, మూస్తూ ఎలాగో పైకి చేరాం. బ్యాగు దించగానే అందరికీ ఒకేసారి ఆకలేసింది. నేను ఒక బండ మీద చతికిలబడి డబ్బాలు తీయడం మొదలుపెట్టాను. నా వెనక రెయిలింగ్ దగ్గర అంతా ఒక్కసారిగా, "అబ్బా!" అన్నారు.

"అమ్మా, తొందరగా రా! మంచు విడింది! నది కనిపిస్తోంది!" అని మా అమ్మాయి కేక పెట్టింది.

"వస్తున్నా, వస్తున్నా!"

"ముందు ఆ జ్యూస్ ఇటివ్వు," అన్నారు మా ఆయన, లోయ మీంచి కళ్లు తిప్పకుండానే.

జ్యూస్ అట్టడుగున ఉంది. అన్నీ దించి, సీసా తీసి, అన్నీ సర్ది, మూత బిగించి, చేతులు తుడుచుకుని రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తాను. మళ్లీ తెల్లగా మంచు! నది లేదు, లోయ లేదు. పక్కింటి గోడే వచ్చి ఎదురుగా నిలబడినట్టుంది. కనీసం పైపులు కూడా లేవు.

మా అమ్మాయి జాలిపడి ఫోనులో ఫొటో చూపించింది. అందులో నది చక్కగానే ఉంది. ఒక మూల, బ్యాగులోకి తల దూర్చిన నేనూ ఉన్నాను.

"మళ్లీ చూద్దువులే, కొండ ఎక్కడికి పోతుంది?" అన్నారు మా ఆయన. నిజమే, కొండ ఎక్కడికీ పోదు. పోవాల్సింది నేనే, తిన్న డబ్బాలు ఏరుకుని.

కిందికి దిగాం. మా అత్తగారు ఆత్రంగా ఎదురుచూస్తున్నారు. పాపం, ఆవిడ అంతదూరం వచ్చింది మా కళ్లతో అయినా కొండను చూడాలనే.

"ఏరా, పైన ఏం కనిపించింది?" అని కొడుకుని అడిగారు.

"అమ్మా, నువ్వు నమ్మవు! ఐస్ ప్యాక్‌లు ఇంకా గట్టిగానే ఉన్నాయి!" అన్నారు మా ఆయన.

మనవరాలిని అడిగారు. అది ఫొటోలు పంపే పనిలో ఉంది. "ఉండు నానమ్మా, సిగ్నల్ ఇప్పుడే వచ్చింది," అంది.

చివరికి నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నది దగ్గరగా ఉంటుందా, దూరంగానా?"

"నేను చూడలేదత్తయ్యా, బ్యాగు తీస్తున్నాను," అని మాత్రం అన్నాను. అనగానే ఏడుపొచ్చేసింది. నది కోసం నడి రోడ్డు మీద ఏడ్చే మనిషిని కాను నేను. అయినా ఏడ్చాను.

మా అత్తగారు కాసేపు కొడుకును చూశారు. ఆ చూపు ఐస్ ప్యాక్ కంటే చల్లగా ఉంది.

"ఒరేయ్, ఆ సంచి ఇలా నా కాళ్ల దగ్గర పెట్టు."

పెట్టారు.

"నువ్వు మళ్లీ ఎక్కిరామ్మా, ఇంకా పొద్దుంది. వీడికి ఆకలేస్తే నేను చూసుకుంటాను."

"అమ్మా, నువ్వు తెరిస్తే ఏది ఎక్కడుందో..." అని మా ఆయన మొదలుపెట్టారు.

"నిన్ను పెంచినప్పుడు ఈ సంచి లేదురా," అన్నారు మా అత్తగారు.

నేను వెళ్లాను. ఆ కొండ అంత పెద్దదేమీ కాదని అప్పుడు తెలిసింది. మమ్మల్ని పొద్దుటి నుంచీ ఆయాసపెట్టింది కొండ కాదు, జిప్పు. దారికి రెండు వైపులా వెదురు పొదలున్నాయి. పైన రెయిలింగ్ దగ్గర చేతులేం చేయాలో తెలియక కాసేపు తడబడ్డాను. మంచు కదులుతూ కదులుతూ, ఒక పక్క నుంచి మెల్లగా తొలగిపోయింది.

కనుక పాఠక మహాశయులారా, నా మాట మీదే నేను నిలబడుతున్నాను. కూలర్ బ్యాగు గొప్ప వరం! మీరూ తప్పకుండా కొనుక్కోండి. కాకపోతే దాన్ని ఎవరు మోస్తున్నారని మెచ్చుకునే ముందు, దాన్ని ఎవరు తెరుస్తున్నారో ఒక్కసారి తొంగి చూడండి.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో మా అత్తగారి పక్కన కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెబుతూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మధ్య మధ్య కళ్లు మూసుకుని వింటున్నారు. సగం దారిలో మా ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూసి, గొంతు సవరించుకుని, "ఎవరైనా కాస్త జ్యూస్ అందిస్తారా?" అన్నారు.

"ఆగరా," అన్నారు మా అత్తగారు. "మేమింకా నది దగ్గరే ఉన్నాం."